పద్నాలుగో నిమిషం

జూన్ 16, సోమవారం

ఈ రోజు పుంగనూరులో బస్సు దిగడం మరిచిపోయాను. అదే చివరి స్టాపు. అందరూ దిగిపోయారు, ఇంజను ఆగిపోయింది, నేను కిటికీ పక్కన అలాగే కూర్చుని ఉన్నాను. కండక్టర్ వచ్చి ముందు సీటు కడ్డీ మీద టికెట్ల మిషన్‌తో టకటకమనిపించాడు.

"ఏమ్మా, పుంగనూరొచ్చి శానాసేపాయె. దిగవా? మళ్ళా మదనపల్లికే వస్తావా?"

తప్పు హేమంత్‌ది. కుప్పంలో డిగ్రీ చదివేటప్పుడు కూడా వాడు ఇలాంటి వింత పాటలే వినేవాడు, మేమంతా నవ్వేవాళ్ళం. నిన్న ఒక ఆల్బమ్ పంపాడు. కింద ఆజ్ఞలు: "ఒక్క పాట కూడా దాటెయ్యొద్దు. మొదలుపెడితే చివరిదాకా. మధ్యలో దేవుడు పలకరించినా పలకొద్దు." మొత్తం నలభై ఆరు నిమిషాలు. నా బస్సు యాభై నిమిషాలు. సరిపోతుందిలే అనుకున్నాను.

యాభై ఏళ్ళ కిందటి ఇంగ్లీషువాళ్ళ బ్యాండ్. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన ఒక ఊరు. ఆ ఊరివాడొకడు చాలా ఏళ్ళకు తిరిగొచ్చి, పడవేసుకుని నీళ్ళ మీద తిరుగుతూ, కింద తన వీధి ఎక్కడుందో వెతుక్కుంటాడు. కథ అంతే. మొదటి రెండు నిమిషాలూ గాలి, ఎక్కడో ఒక గంట. తర్వాత ఒకటి వస్తుంది. అది వాద్యమని నాకు ముందు తెలియలేదు. పెద్ద హాల్లో వందమంది నిద్రపోతూ ఒకేసారి ఊపిరి తీసుకున్నట్టుంది. దాని మీద గిటారువాడు ఒక్క స్వరాన్ని పట్టుకుని సాగదీస్తాడు, వదిలితే తనూ మునిగిపోతానన్నట్టు. బయట టమాటా ట్రేలు వేసుకుని లారీలు ఎదురొస్తున్నాయి. గుట్టలు, మామిడి తోటలు, స్కూలు పిల్లలు. రోజూ చూసేవే. అన్నీ నీళ్ళ కింద ఉన్నట్టు కనిపించాయి.

చివరి పాట ఇరవై మూడు నిమిషాలు. ఒక్క పాట! వీళ్ళకు ఇంత ధైర్యం ఎవరిచ్చారు? పద్నాలుగో నిమిషం దగ్గర అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. డ్రమ్ము ఒక్కటే మిగులుతుంది. నా చేతుల మీద రోమాలు నిలబడ్డాయి. ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడ విని ఉంటాను? ఎక్కడా విని ఉండను.

తొమ్మిదో తరగతికి కాంతి పరావర్తనం చెప్పాను. ఏం చెప్పానో వాళ్ళకే తెలియాలి.

జూన్ 17

పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి.

జూన్ 20, శుక్రవారం

స్టాఫ్‌రూమ్‌లో బల్ల మీద వేళ్ళతో ఆ దరువు పట్టుకోవాలని చూస్తున్నాను. లెక్కల టీచర్ రేష్మ పేపర్లు దిద్దుతూ తలెత్తింది.

"ఏమ్మే, బల్లని కొట్టి సంపుతాండావు. ఎవురి మీద కోపం?"

ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టాను. ఎర్ర పెన్నుతో ఎవడిదో ఆన్సర్ పేపరు మీదే చుక్కలు పెట్టుకుంటూ లెక్కపెట్టింది. మూడుసార్లు సరిచూసుకుంది.

"ఏడు. మూడూ, నాలుగూ. లోకమంతా నాలుగు నాలుగుగా నడస్తాంటే వీళ్ళకేం రోగమే? దీనికి నడిస్తే ఒక కాలు మిగిలిపోతాది."

అదీ సంగతి. ఎనిమిదో అడుగు కోసం మనం కాలెత్తుతాం, వాడు అక్కడ నేల తీసేస్తాడు. అందుకే కడుపులో అలా జారుతుంది. తెలిసింది కదా, ఇక జారదు అనుకున్నాను. సాయంత్రం బస్సులో మళ్ళీ జారింది.

జూన్ 29, ఆదివారం

వంట చేస్తూ స్పీకర్లో పెట్టాను. నాయన అన్నం తింటున్నాడు. అమ్మ పెరట్లో బట్టలారేస్తోంది. పద్నాలుగో నిమిషం వచ్చింది. డ్రమ్ము ఒక్కటే. సాంబారు గరిటె పట్టుకుని వెనక్కి తిరిగాను.

నాయన ఎడమచేతి వేళ్ళు స్టీలు పళ్ళెం అంచు మీద ఆడుతున్నాయి.

వాడు కొట్టినట్టే కొట్టడం కాదు. వాడు వదిలిన ఖాళీల్లో కొడుతున్నాడు. గోరుతో ఒకటి, ఉంగరంతో ఒకటి, బొటనవేలి కండతో ఒక మూగ దెబ్బ. కుడిచేయి మాత్రం ముద్ద కలుపుతూనే ఉంది. ఏడుకు ఏడూ. లెక్కల టీచరుకు మూడుసార్లు పట్టింది, ఈయనకు ముద్ద కూడా ఆగలేదు.

నేను చూస్తున్నానని తెలియగానే వేళ్ళు ఆగిపోయాయి.

"ఎవురిది ఆ వాయింపు?"

"ఎవరో ఇంగ్లీషోళ్ళది నాయనా."

"ఆఖరి దెబ్బ లేటుగా ఏస్తాండాడు." చేయి కడుక్కోవడానికి లేచాడు. "కావాలనే ఏస్తాండాడు."

పళ్ళెంలో ఇంకా సగం అన్నం ఉంది.

జూన్ 30

ఈ డైరీ నాయన గురించి కాదు. ఆల్బమ్ గురించి.

నాయన పలక, అదే డప్పు, వాయించేవాడని అవ్వ చెబితే తెలుసు నాకు. పుంగనూరు పక్కన మా పల్లెలో, బస్సు డిపోలో మెకానిక్‌గా చేరకముందు. పెళ్ళికి, జాతరకు, చావుకు. మదనపల్లెలో మా వీధిలో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఆ మాటే ఎత్తకూడదు. వీధిలో పలకలతో ఊరేగింపు వెళ్తే నాయన టీవీ సౌండు పెంచుతాడు. నాకు పదేళ్ళప్పుడు బకెట్టు బోర్లించి వాయించాను, ఊరికే, ఆట. ఒక్క దెబ్బ వేశాడు. అదే మొదటిది, అదే ఆఖరిది.

బకెట్టు పగిలిపోతుందని కొట్టాడనుకునేదాన్ని. ఇరవై ఐదేళ్ళొచ్చాయి, నిన్నటిదాకా అలాగే అనుకున్నాను. అనుకోవడానికి బాగుండేది.

జూలై 6, ఆదివారం

కావాలనే చేశాను. నాయన అన్నానికి కూర్చునే వేళకు ఆ పాట పద్నాలుగో నిమిషానికి వచ్చేలా చూసుకున్నాను. పేపరు కింద ఫోనులో రికార్డింగు పెట్టాను. వేళ్ళు వాటంతటవే కదిలాయి. డ్రమ్ము అయిపోగానే పాట ఆపేశాను, ఆయన వేళ్ళు మాత్రం ఇంకో నిమిషం ఆగలేదు.

దాచుకోవడానికే. ఇంకెందుకూ కాదు.

సాయంత్రం, డ్రమ్ము అయిపోయాక ఆయన ఒంటరిగా వాయించిన ఆ నిమిషం మాత్రం కత్తిరించి హేమంత్‌కు పంపాను. ఊరికే.

జూలై 9, బుధవారం

హేమంత్ ఫోన్ చేశాడు. వాడూ ఇంకో ముగ్గురూ కుప్పంలో బ్యాండ్ పెట్టుకున్నారు. ఇరవై ఆరున అక్కడొక కాలేజీ ఫంక్షన్లో వాయించాలట.

"కుసుమా, ఏంది ఇది? పొద్దుట్నుంచి ఇదే తిప్పి తిప్పి ఇంటాండాం. దీని సుట్టూ ఒక పెద్ద పాట కట్టేస్తాం. పదిహేను నిమిషాలు! ఎవరు వాయించింది?"

"మా ఇంటి దగ్గర ఒకాయన."

"అడిగి చూడు, మేం వాడుకోవచ్చా?"

"వాడుకోండి. ఏమనడు."

జూలై 10

ఒకాయన.

జూలై 13, ఆదివారం

ఉదయం బస్సులో కుప్పం వెళ్ళొచ్చాను. పలమనేరు మీదుగా మూడు గంటలు. హేమంత్‌వాళ్ళు ఒక హార్డ్‌వేర్ షాపు మీద గది అద్దెకు తీసుకున్నారు. చప్పుడు బయటికి పోకుండా గోడలకు గుడ్ల అట్టలు అంటించారు. కింద ఇనప కమ్మీలు కోస్తున్నారు, ఆ మోతలోనే వాయించి వినిపించారు.

ముందు నాయన పళ్ళెం. ఒక్కటే. పెద్ద స్పీకర్లలో. ఆ గోటి చప్పుడు గోపురమంత ఎత్తుకు లేచింది. తర్వాత కీబోర్డు అడుగునుంచి నీళ్ళలా పైకి వచ్చింది. వేళ్ళు మునుగుతున్నాయి, మునగడం లేదు, మళ్ళీ తేలుతున్నాయి. ముద్ద కలుపుతూ, చూసుకోకుండా, ఎడమచేత్తో ఆయన చేసిన పని ఇది. నేను గుడ్ల అట్టల వైపు తిరిగి నిలబడ్డాను.

"ఏడస్తాండావా?" అన్నాడు హేమంత్.

"దుమ్ము. కింద కోస్తున్నారు కదా."

జూలై 14, సోమవారం

నాయన ఉదయం డ్యూటీకి వెళ్ళిపోయాడు. హేమంత్ పంపిన పాట వంటింట్లో పెట్టాను. పళ్ళెం మొదలై పది దెబ్బలు కూడా కాలేదు. అమ్మ పాలగిన్నె దించి, పొయ్యి ఆపేసి, నా చేతిలో ఫోను లాక్కుంది.

"ఆపు! ఎవురన్నా సచ్చినారా ఈ ఇంట్లో?"

"అమ్మా, ఇది పాట…"

"పాటా? శవాన్ని వాకిట్లో పండబెట్టినప్పుడు వాయించేది ఇది. పొయ్యి మీద పాలు పెట్టుకోని సావు దరువు పెడతావా?" అంతలోనే ఆమె ముఖం మారింది. వాయింపును గుర్తుపట్టింది. "ఇది మీ నాయన సెయ్యి."

చెప్పేశాను. అమ్మ పీట మీద కూర్చుంది. ఆమె చెప్పినది చెప్పినట్టు రాసుకుంటున్నాను.

"మా పెండ్లయిన మూడో దినం. ఊర్లో పెద్దాయన పోయినాడు. కొడుకు యాడనో ఉత్తరాదిలో ఉండాడు, వొచ్చేదాకా ఎత్తరు. ఎత్తేదాకా పలక ఆపకూడదు. మీ నాయన, మునిచంద్ర మామ ఇద్దురే. పొద్దున మొదులుపెట్టి దీపాలు పెట్టేదాకా వాయించినారు. ఆపమని ఒక్కురూ సెప్పలా. ఇంటికొచ్చి సేతులు సూపించినాడు. యేళ్ళన్నీ పగిలిపోయి ఉండాయి, అన్నం కలపలేడు. మూడు దినాల పెండ్లికూతుర్ని, మొగుని మొగం సరింగా సూడనన్నా లేదు. ముద్దలు సేసి నోట్లో పెట్టినా. తింటా తింటా ఏడ్సినాడు. మళ్ళా పలక ముట్టుకోలా."

సగం కాగిన పాలు విరిగిపోయాయి. ఇద్దరం చూసుకోలేదు.

జూలై 15

పద్నాలుగో నిమిషంలో ఏం జరుగుతుందో వెతికి చదివాను. మాటలు లేని చోటు కాబట్టి ఇంతకాలం పట్టించుకోలేదు. అక్కడ నీళ్ళు ఊరి శ్మశానం మీదికి వస్తాయట.

ఎక్కడో చలిదేశంలో, నాయన పుట్టిన రోజుల్లో, ముక్కూ మొహం తెలియని ఒకడు చావుకు ఎలా కొట్టాలా అని వెతుక్కుంటూ ఇక్కడికే చేరాడు. మూడూ, నాలుగూ, ఆఖరిది ఆలస్యంగా. చనిపోయిన మనిషిని వదిలి అడుగు పడనట్టు. చిన్నప్పుడు అవ్వ ఊళ్ళో నేనూ విని ఉంటాను, ఏ గుమ్మం వెనకనుంచో. బుద్ధికి తెలియలేదు, చేతుల మీద రోమాలకు తెలిసింది. దీన్ని ఏ సూత్రంతో వివరించాలో నాకు తెలియదు. భయంగా ఉంది. దేవుడి ముందు నిలబడ్డప్పటి భయం లాంటిది.

హేమంత్‌కు ఫోన్ చేశాను, ఇరవై ఆరు లోపల చెబుతాను, అప్పటిదాకా ఎవరికీ వినిపించొద్దని.

"యాల? ఆయన వొద్దన్నాడా?"

"ఆయన్నింకా అడగలేదు."

ఇప్పుడు కూడా 'ఆయన' అనే అన్నాను.

జూలై 20, ఆదివారం

అవ్వకు ఒంట్లో బాగాలేదని నాయన పల్లెకు బయలుదేరాడు. నేనూ వస్తానన్నాను. మదనపల్లెలో బస్సు కదలగానే ఇయర్‌ఫోన్లు రెండూ తీసి ఇచ్చాను.

"ఇది మొత్తం వినాలి నాయనా. మధ్యలో తియ్యకూడదు."

"ఏమప్పా, పరీచ్చనా?" అన్నాడు, కానీ పెట్టుకున్నాడు.

ఫోటోకు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. నాకు పాట వినిపించదు, ఆయన ముఖం మాత్రమే కనిపిస్తుంది. ఎక్కడెక్కడ ఏముందో నాకు నిమిషాలతో సహా తెలుసు. గంట దగ్గర కనుబొమలు ముడిపడ్డాయి. గిటారు స్వరం దగ్గర కిటికీలోంచి దూరంగా గుట్టల వైపు చూశాడు. పద్నాలుగో నిమిషం వస్తోందని గడియారం చూసుకుంటున్నాను. ముందు సీటు కడ్డీ మీద ఉన్న చేయి మెల్లగా పిడికిలి అయింది. ఆ డ్రమ్ము ఉన్నంతసేపూ పిడికిలి విప్పలేదు.

పాట అయిపోయాక కూడా తియ్యలేదు. పుంగనూరు ఇంకా రెండు మైళ్ళుంది. చివరకు తీసి, వైరు జాగ్రత్తగా చుట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇది సావుకా, పెండ్లికా?"

"దేనికీ కాదు నాయనా."

"జాతరకా?"

"కాదు."

"మరి ఎవురు పిలిస్తే వాయించినారు ఈళ్ళు?"

"ఎవరూ పిలవలేదు. వాళ్ళకే వాయించాలనిపించింది."

ఆయన ఆ మాటను నమలడం నాకు తెలుస్తోంది. "ఎవురూ పిలవకుండా," అన్నాడు. మళ్ళీ, "ఆపమని కూడా ఎవురూ సెప్పలా?"

"లేదు. చాలనిపించినప్పుడు వాళ్ళే ఆపారు."

"అబ్బ," అన్నాడు నాయన.

ఆ మాట నేనిన్నాళ్ళూ వందసార్లు అన్నాను. గిటారు గురించి, గంట గురించి, ఆ ఊపిరి గురించి. ఆయన ఒకే ఒక్కదాని గురించి అన్నాడు, అది నాకు తట్టనే లేదు.

ఆ ధైర్యంలోనే చెప్పేశాను. రికార్డు చేశానని, కుప్పానికి పంపానని, వాళ్ళు పాట కట్టారని. అరుస్తాడని చూశాను. అరవలేదు.

"ఎవురు వాయించినారని సెప్పినావు?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. "ఒకాయన అని చెప్పాను నాయనా."

"మంచి పని సేసినావులే పాపా. నేనైనా అట్నే సెప్పుంటా."

ఎదుటి మనిషికి బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. అరిచి ఉంటే బాగుండేది. కొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

జూలై 21

మాట్లాడలేదు.

జూలై 22

"ఉప్పు" అన్నాడు. ఇచ్చాను.

ఆల్బమ్ పెట్టబోయి మానేశాను. బస్సులో బస్సు చప్పుడే విన్నాను. యాభై నిమిషాలు ఇంత పొడవుంటాయని తెలియదు.

జూలై 23, బుధవారం

నాయనకు ఈ రోజు వీక్లీ ఆఫ్. నేను స్కూలు నుంచి వచ్చేసరికి పెరట్లో పీటేసుకుని కూర్చున్నాడు. ముందు ఆయన పనిముట్ల పెట్టె ఉంది. పక్కింటివాళ్ళ మోటార్లు బాగుచేయడానికి ఇంట్లో పెట్టుకున్న ఇనప పెట్టె. స్పానర్లన్నీ తీసి గోనె మీద వరసగా పరిచాడు. పెట్టె ఖాళీ.

"ఆ పళ్ళెందాన్ని తీసేయమను," అన్నాడు నా వైపు చూడకుండా. "అది సచ్చినోళ్ళది. ఆళ్ళకే ఉండనీ."

"సరే నాయనా."

"ఫోను తియ్యి."

తీశాను.

"నొక్కినావా?"

"నొక్కాను."

గొంతు సవరించుకున్నాడు. "బాలప్ప," అన్నాడు, డిపోలో హాజరు పలికినట్టు. "మదనపల్లి డిపో. మెకానిక్కు. మాది పుంగనూరు పక్కన పల్లె. పలక వాయించేవాణ్ణి." ఒక్క క్షణం ఆగాడు. "ఇప్పుడు నన్ను ఎవురూ పిలవలా."

కుడిచేతిలో చిన్న స్పానరు, ఎడమచేయి ఖాళీ. పెట్టె మూత మీద మొదటి దెబ్బ పడగానే గోడ మీది కాకి లేచిపోయింది.

ఏం రాయాలి. ఏడు అనుకున్నాను, కాదు. ఐదులోకి జారింది, అక్కడా ఆగలేదు. ఒకచోట పెళ్ళి ఊరేగింపులా వంపు తిరిగి, పెళ్ళికొడుకు వచ్చేలోపే పక్కకు తప్పుకుంది. జాతర వైపు పరుగెత్తి గుడి ముందు దాటిపోయింది. చావు దగ్గరకు మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఇనుము అన్ని గొంతులు మాట్లాడుతుందని నాకు తెలియదు. మధ్యలో వేళ్ళు బిగుసుకుంటే ఒక బూతు మాట అన్నాడు, అదీ రికార్డయింది.

అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఒకచోట ఆయన ఆగితే అడిగింది. "ఇది దేనికి వాయించేది?"

"దేనికీ కాదు," అన్నాడు నాయన. మళ్ళీ మొదలుపెట్టాడు.

తొమ్మిది నిమిషాల చిల్లరకు స్పానరు కింద పెట్టాడు. "సాలు," అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. ఆయనే అన్నాడు.

జూలై 26, శనివారం

మధ్యాహ్నం హేమంత్ ఫోన్. పళ్ళెం తీసేశారు. బుధవారం రాత్రి నేను పంపిన కొత్త రికార్డింగు మాత్రం పెట్టలేకపోయారు.

"మా డ్రమ్మరు రెండు దినాలు దాన్తోనే కూర్చున్నాడు కుసుమా. ఒకసారి ఏడంటాడు, ఒకసారి తొమ్మిదంటాడు, ఇంకోసారి పెన్ను పారేసినాడు. దీనికి మేం వాయించలేం. అందదు." తర్వాత గొంతు తగ్గించి, "ముందర పేరు చెప్తాడు కదా, బాలప్ప అని. ఎవరాయన?"

"మా నాయన."

ఫోన్లో వెనక ఎవరో మైకు సరిచూస్తున్నారు.

"మా నాయన," అన్నాను మళ్ళీ. స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాను. రేష్మ తలెత్తింది, ఇంకో ఇద్దరు టీచర్లూ తలెత్తారు. గొంతు తగ్గించలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. "వాళ్ళకు అందలేదంట నాయనా. డ్రమ్ములాయన పెన్ను పారేశాడంట."

నవ్వాడు. ముందు మెల్లగా, తర్వాత భుజాలు ఊగిపోయేలా. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగితే చెప్పలేక చేత్తో నా వైపు చూపించాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆళ్ళని ఇడిసిపెట్టు. నీకందిందా?"

"లేదు నాయనా."

"మళ్ళా ఇను."

పదకొండుసార్లు విన్నాను. అందలేదు.